షెడ్డులో లారీ, రేవులో ఓడ

విశాఖపట్నం ఆటోనగర్‌లో ఏ వీధిన నడిచినా ఒక దృశ్యం కంటబడక మానదు. ఇంజను బోరు చేయించుకొని, కొత్త రంగు వేయించుకొని, ముందుభాగాన నిమ్మకాయల దండ కూడా కట్టించుకొన్న లారీ ఒకటి షెడ్డు ముందు కదలక నిలిచి ఉంటుంది. "భాయ్, ఈ ట్రిప్పు కిరాయి రాగానే ఇచ్చేస్తాను, బండి వదలండి" అని యజమాని అంటాడు. "లేదు బాబూ, లెక్క తేల్చి తీసుకువెళ్ళండి" అని మేస్త్రీ అంటాడు. తాళంచెవి మాత్రం మేస్త్రీ జేబులోనే ఉంటుంది. వాదం ఎంతసేపు సాగినా వారిద్దరిలో ఎవరికీ న్యాయశాస్త్రం గుర్తుకు రాదు. కాని ఆ తాళంచెవిని గురించి బాగ్దాదు, లండను, బెర్లిను నగరాల న్యాయవేత్తలు శతాబ్దాలుగా ఆలోచిస్తూనే వచ్చారు. వారు ఏ దారిన ఆలోచించారన్నదే ఈ వ్యాసానికి విషయం.

లోకంలోని న్యాయవ్యవస్థలను పండితులు సాధారణంగా రెండు పెద్ద కుటుంబాలుగా విభజిస్తారు. ఇంగ్లండులో పుట్టి, ఆ దేశపు ఓడలతోపాటు అమెరికాకు, ఆస్ట్రేలియాకు, నైజీరియాకు, మన ఉపఖండానికి వచ్చినది కామన్ లా. రోమను చక్రవర్తి జస్టీనియన్ ఆరవ శతాబ్దంలో కూర్పించిన గ్రంథాలను మూలంగా గొని, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, స్పెయిను దేశాలలో ఎదిగినది సివిల్ లా. మన వద్ద సివిల్ కోర్టు అంటే ఆస్తి తగాదాలు, బాకీలు విచారించే కోర్టు అని అర్థం గనుక ఈ పేరు విద్యార్థులను తికమక పెడుతుంది. ఇక్కడ సివిల్ అంటే పౌరస్మృతి అని గ్రహించాలి. మొదటి కుటుంబంలో న్యాయం న్యాయమూర్తి నోట పుడుతుంది. ఒక తీర్పు తరువాతి తీర్పుకు కట్టుబాటు అవుతుంది. ఉర్దూలో దీనినే నజీర్ అంటాము. రెండవ కుటుంబంలో న్యాయం ముందుగానే పుస్తకంలో వ్రాయబడి ఉంటుంది. న్యాయమూర్తి దానిని చదివి అన్వయిస్తాడు. నెపోలియన్ 1804లో ప్రకటించిన ఫ్రెంచి పౌరస్మృతిలోని అయిదవ నిబంధన, తమ ముందున్న వ్యాజ్యాన్ని మించి సార్వత్రిక నియమాలు చేయరాదని న్యాయమూర్తులను స్పష్టంగా నిషేధించింది. విప్లవానికి పూర్వపు న్యాయమూర్తుల పెత్తనాన్ని చవిచూచిన జాతి వ్రాసుకొన్న వాక్యం అది.

ఈ ఫ్రెంచి స్మృతి మనకు దూరపు ముచ్చట అనుకోనక్కరలేదు. విశాఖకు దక్షిణంగా కాకినాడ దాటితే గౌతమీ తీరాన యానాం ఉన్నది. అక్కడి తెలుగువారు 1954 జూన్ వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నారు. చట్టరీత్యా భారతదేశంలో కలిసినది 1962 ఆగస్టు 16న. స్వకీయ మత ధర్మాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించదలచిన వారికి 1881 నాటి డిక్రీ అవకాశం కల్పించింది. వదులుకోని హిందువులు, ముస్లిములు తమ తమ ధర్మాలనే పాటించారు. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చి పద్నాలుగేళ్ళు నిండని బాలికల వివాహాన్ని నేరం చేసినప్పుడు, గోదావరి మండలాల పెద్దలు పల్లకీలతో, మేళతాళాలతో యానాం చేరి పెండ్లిళ్ళు జరిపించారు. ఆ ఊరికి కల్యాణపురమన్న పేరు అందుకే వచ్చింది. నదికి ఈవల ఒక న్యాయం, ఆవల ఒక న్యాయం! ఫ్రెంచి స్మృతి ఎంత ఆధునికమైనదైనా, ఆ పసిపిల్లలకు అది రక్షణ కాలేదు. స్మృతి ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్లు కాదని చెప్పడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఇక తాళంచెవి సంగతికి వద్దాము.

పన్నెండవ శతాబ్దంలో ఫర్గానా ప్రాంతపు బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన హిదాయా గ్రంథం హనఫీ న్యాయానికి ప్రామాణికమని మన పాఠకులలో చాలామందికి తెలిసినదే. కూలిని గూర్చిన అధ్యాయంలో ఆయన ఒక చక్కని భేదాన్ని చూపించాడు. ఎవరి పని ఫలితం వస్తువుపై కనబడుతుందో, అట్టివాడు, అనగా బట్టను చలువ చేసేవాడు, అద్దకంవాడు వంటివాడు, కూలి ముట్టేవరకు ఆ వస్తువును తనవద్ద నిలుపుకోవచ్చును. ఎవరి పని వస్తువుపై గుర్తు వదలదో, అట్టివాడికి, అనగా మూటలు మోసే హమాలీకి, పడవవాడికి ఆ హక్కు లేదు. అలా నిలుపుకొన్న వస్తువు అతని తప్పు లేకుండా నశిస్తే ఏమవుతుంది? నష్టపరిహారం చెల్లించనక్కరలేదు, కూలీ దక్కదు అని ఇమాం అబూ హనీఫా అభిప్రాయం. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ దీనితో ఏకీభవించలేదు. వస్తువు భారం ముందునుండే పనివాడిపై ఉన్నది, నిలుపుకొన్నంత మాత్రాన అది తొలగదు అని వారి వాదం. గురువు మాటను శిష్యులు కాదన్నారు, గ్రంథకర్త ఇద్దరి మాటనూ పక్కపక్కనే వ్రాసి ఉంచాడు. ఫిఖహ్ స్వభావమే ఇది. ఇది న్యాయమూర్తి తీర్పుల రాశీ కాదు, రాజు ప్రకటించిన స్మృతీ కాదు. పండితుల వాదప్రతివాదాల గ్రంథం.

దీనిని నిబంధనల రూపంలోకి తెచ్చినవారు ఉస్మానీ తురుష్కులు. 1869 నుండి 1876 వరకు వారు వెలువరించిన మజల్లాలో 1,851 నిబంధనలున్నాయి. దర్జీ, అద్దకంవాడు వస్తువును నిలుపుకోవచ్చునని 482వ నిబంధన. హమాలీకి, పడవవాడికి ఆ హక్కు లేదని 483. హిదాయాలో రెండు వైపుల వాదంగా ఉన్నది మజల్లాలో ఒకే వైపు శాసనమైంది. లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది. ఈజిప్టు పండితుడు అబ్దుర్రజ్జాక్ సన్‌హూరీ ఫ్రెంచి స్మృతినీ షరియత్‌నూ కలిపి కూర్చిన పౌరస్మృతి 1949లో అక్కడ అమలులోకి వచ్చింది. కువైట్ 1980లో అదే బాటలో తన స్మృతిని వ్రాసుకొన్నది. మన జిల్లాల నుండి కువైట్ వెళ్ళి ఒప్పంద పత్రంపై సంతకం పెట్టే డ్రైవరు, తాను కామన్ లా వదిలి సివిల్ లాలో అడుగుపెట్టానని ఎరుగడు.

ఇంగ్లండు సంగతి చూడండి. అక్కడ ఇదే హక్కు ఏ పుస్తకంలోనూ ముందుగా వ్రాసి లేదు; తీర్పు వెంట తీర్పుగా ఏర్పడింది. వస్తువును బాగుచేసినవాడు దానిని నిలుపుకోవచ్చును. అయితే బాగుచేయడం వేరు, ఉన్నదున్నట్టు కాపాడడం వేరు అని వారి కోర్టులు చెప్పాయి. 1915లో ఒక కారు నిర్వహణ సంస్థ సంవత్సర ఒప్పందంపై ఒక కారును చూచుకొంటూ, బాకీ తీరలేదని దానిని పట్టి ఉంచింది. కారును దాని యజమాని ఇష్టం వచ్చినప్పుడల్లా బయటికి తీసుకువెళ్ళే వీలున్నది గనుకను, నిర్వహణ అనేది బాగుచేయడం కాదు గనుకను ఆ సంస్థకు నిలుపుదల హక్కు లేదని కోర్టు తేల్చింది. హిదాయాలోని చలువ చేసేవాడికీ హమాలీకీ గల భేదం, లండనులో మోటారు కారు రూపంలో మళ్ళీ ప్రత్యక్షమైంది! ఎవరు ఎవరి వద్ద నేర్చుకొన్నారన్న ప్రశ్నే లేదు. శ్రమ గుర్తు పడిన వస్తువుపై శ్రామికునికి కొంత అధికారం ఉండాలన్న భావం మనుష్యులకు సహజమని మాత్రం మేము నమ్ముతాము.

జర్మనీ మరొక అడుగు ముందుకు వేసింది. 1900 జనవరి 1న అమలులోకి వచ్చిన జర్మను పౌరస్మృతి 647వ నిబంధన, తన చేతిలో ఉన్న వస్తువుపై మరమ్మతుదారుకు కేవలం నిలుపుదల హక్కునే గాక తాకట్టు హక్కునే ఇచ్చింది. తాకట్టు హక్కు అంటే, బాకీ తీరనప్పుడు విధివిధానాలు పాటించి వస్తువును అమ్ముకొనే హక్కు కూడా. ఈ తేడాను పాఠకులు మనసులో ఉంచుకోవాలి.

మరి మన దేశం ఏ కుటుంబానికి చెందుతుంది? పరీక్షలో విద్యార్థి కామన్ లా అని వ్రాస్తాడు; మార్కులూ పడతాయి. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సర్వోన్నత న్యాయస్థానం చెప్పిన న్యాయం దేశంలోని కోర్టులన్నింటికీ శిరోధార్యం గనుక ఆ జవాబు తప్పు కాదు. కాని అది సగం జవాబే. ఇంగ్లండు తనకు చేసుకోలేని పనిని మన గడ్డపై చేసి చూసుకొన్నది. తీర్పులలో చెల్లాచెదరుగా ఉన్న న్యాయాన్ని పోగుచేసి, నిబంధనలుగా కూర్చి, 1860లో శిక్షాస్మృతిని, 1872లో కాంట్రాక్టు చట్టాన్ని ఇక్కడ శాసించింది. శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కాంట్రాక్టు చట్టం మాత్రం నేటికీ నిలిచి ఉన్నది. అందులో 170వ సెక్షను మన ఆటోనగర్ మేస్త్రీ కోసమే వ్రాసినట్లుంటుంది. తనకు అప్పగించిన వస్తువుపై శ్రమనో నైపుణ్యాన్నో వెచ్చించి పని చేసినవాడు, వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రతిఫలం ముట్టేవరకు ఆ వస్తువును నిలుపుకోవచ్చునని దాని భావం.

ఈ చట్టాలలో మాకు మిక్కిలి నచ్చినది సెక్షనుల కింద వ్రాసిన ఉదాహరణలు. ఇది మెకాలే శిక్షాస్మృతి ముసాయిదాలో అనుసరించిన పద్ధతి. 170వ సెక్షను కింద రెండు ఉదాహరణలున్నాయి. సానపెట్టడానికి వజ్రం తీసుకొన్న నగల పనివాడు తన కూలి కోసం దానిని నిలుపుకోవచ్చును. కోటు కుట్టడానికి బట్ట తీసుకొన్న దర్జీ, కుట్టగానే ఇస్తానని, డబ్బుకు మూడు నెలల గడువిస్తానని మాట ఇచ్చి ఉంటే మాత్రం నిలుపుకోరాదు. ఎంత చిన్న కథ! కాని ఆటోనగర్‌లో దీనిని ఎందరు ఎరుగుదురు? పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీల బండ్లకు షెడ్డులో ఖాతా ఉంటుంది. నెలాఖరున లెక్క చూచుకొందామన్నది మాట. ఆ మాట ఇచ్చిన నాడే మేస్త్రీ తన తాళంచెవిని చట్టం దృష్టిలో వదులుకొన్నట్లే. అలాగే పోయిన ఏడాది చేసిన వేరొక లారీ బాకీ కోసం ఈ ఏడాది వచ్చిన లారీని పట్టి ఉంచడం ఆటోనగర్‌లో పరిపాటి. దానికీ చట్టం ఒప్పదు. పాత బాకీలన్నింటికీ కలిపి వస్తువును నిలుపుకొనే హక్కు, ఒప్పందం లేకుండా, 171వ సెక్షను పేర్కొన్న కొద్దిమందికే ఉన్నది: బ్యాంకర్లు, సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు, రేవు గోదాముల వారు, హైకోర్టు అటార్నీలు, బీమా పాలసీ బ్రోకర్లు. ఆ జాబితాలో బ్యాంకరు ఉన్నాడు, వకీలు ఉన్నాడు, మెకానిక్కు లేడు. చట్టాలు వ్రాసేవారి చుట్టూ ఎవరు కూర్చుంటారో దీనిని బట్టి తెలుసుకోవచ్చును.

షెడ్డు నుండి రేవుకు పోదాము. లారీని పట్టినట్లే ఓడనూ పట్టవచ్చును. రెండు న్యాయ కుటుంబాలూ ఎదురెదురు నిలిచిన ఒక గొప్ప వ్యాజ్యం మన విశాఖ రేవులోనే పుట్టింది. 1984లో గోవాకు చెందిన హర్వాన్ అనే వ్యాపార సంస్థ సరుకు ఎక్కించుకొన్న ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ నౌక, బిల్ ఆఫ్ లేడింగ్ పత్రాలు ఇవ్వకుండానే మార్మగోవా రేవు విడిచిపోయి, సరుకు ధర ముట్టకమునుపే, పంపినవారి ఆదేశాలకు విరుద్ధంగా కొనుగోలుదారుకు దానిని అప్పగించిందని ఫిర్యాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ ఓడ విశాఖ రేవులోకి వచ్చినప్పుడు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుపై దానిని నిలిపివేశారు. యజమానులు బ్యాంకు హామీ ఇచ్చి విడిపించుకొన్నారు. తరువాత వారు లేవదీసిన వాదం విచిత్రమైనది. ఈ హైకోర్టుకు నౌకా వ్యాజ్యాలలో ఉన్న అధికారమంతా మద్రాసు హైకోర్టు నుండి సంక్రమించినదే. మద్రాసుకు వచ్చినది 1890 నాటి బ్రిటిష్ చట్టం నుండి. దాని హద్దు 1861 నాటి ఇంగ్లీషు చట్టం. ఆ చట్టం రేవులోకి తెచ్చిన సరుకును గూర్చే చెప్పింది గాని, రేవు నుండి బయటికి పోయిన సరుకును గూర్చి చెప్పలేదు. కాబట్టి ఈ కోర్టుకు అధికారం లేదు! స్వతంత్ర దేశపు హైకోర్టు, విక్టోరియా రాణి కాలపు చట్టంలో ఒక మాట లేదన్న కారణంగా తన రేవులోని ఓడను చూస్తూ కూర్చోవాలన్నమాట.

1992 ఫిబ్రవరి 26న సర్వోన్నత న్యాయస్థానం ఈ వాదాన్ని తోసిపుచ్చింది. జస్టిస్ టి.కె. థామ్మెన్ వ్రాసిన ఆ తీర్పు చదువదగినది. హైకోర్టులు స్వతఃసిద్ధమైన అధికారం గలవి, శాసనం స్పష్టంగా తీసివేయనంతవరకు ఆ అధికారం ఉన్నట్లే అని ఆయన నిర్ణయించారు. ఇంగ్లండులో ఓడపైనే దావా వేస్తారు, కోర్టు అధికారానికి ఆ ఓడ పట్టివేతే పునాది. ఐరోపా ఖండంలో మనిషిపై దావా వేసి, హామీ కోసం అతని ఆస్తిని జప్తు చేస్తారు. రెండింటి పరమార్థమూ డిక్రీ డబ్బుకు పూచీ సంపాదించడమే అని కూడా ఆ తీర్పులో వివరించారు. చట్టం మౌనంగా ఉన్నదన్న సాకుతో తీర్పు ఇవ్వ నిరాకరించిన న్యాయమూర్తి అపరాధి అని ఫ్రెంచి స్మృతి నాలుగవ నిబంధన అంటుంది. కామన్ లా న్యాయమూర్తి థామ్మెన్ చేసినదీ అంతే గదా! తీర్పులో మనవి ఇంకా పాత వలస చట్టాలేనని ఎత్తిపొడిచిన పాతికేళ్ళకు, 2017లో పార్లమెంటు నౌకావ్యాజ్యాల చట్టం చేసింది. అది 2018 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. న్యాయమూర్తి దారి వేశాడు, స్మృతి తరువాత నడిచింది.

అయితే న్యాయమూర్తి నోటి న్యాయం ఎల్లప్పుడూ ఇట్లు మేలే చేస్తుందని మేము చెప్పలేము. ముస్లిం సమాజానికి దాని రెండవ ముఖం బాగా తెలుసు. 1864 వరకు ఇంగ్లీషు కోర్టులలో మౌల్వీలు న్యాయ సలహాదారులుగా ఉండేవారు. వారిని తొలగించిన పిదప, ఫిఖహ్ తెలియని న్యాయమూర్తులు ఇంగ్లీషు అనువాదాలు ముందు పెట్టుకొని తీర్పు చెప్పారు. కుటుంబ సంతతి కొరకు చేసి, చివరకు బీదలకు చెందేటట్లు ఏర్పరచే వక్ఫ్ ఇస్లామీయ న్యాయంలో శతాబ్దాలుగా చెల్లుబాటు అయినది. 1894లో లండనులోని ప్రీవీ కౌన్సిల్, అబుల్ ఫతా వ్యాజ్యంలో, బీదల వంతు మరీ దూరమైనది, నామమాత్రమైనది అని అట్టి వక్ఫ్ చెల్లదన్నది. ఒక కుటుంబపు వ్యాజ్యం అది. కాని నజీర్ సూత్రం వలన భారతదేశమంతటికీ శాసనమైంది. కలకత్తా హైకోర్టులో జస్టిస్ అమీర్ అలీ అంతకు ముందే ఇచ్చిన పాండిత్యపూరితమైన భిన్నాభిప్రాయం పనికిరాలేదు. దానిని మార్చడానికి 1913లో చట్టం రావలసివచ్చింది. పాత వక్ఫ్‌లకు కూడా అది వర్తించాలంటే 1930లో మరొకటి కావలసివచ్చింది. హిదాయాలో అబూ హనీఫా మాటకు ఎదురు మాట వ్రాసి ఉంచినట్లు, అమీర్ అలీ మాటను పక్కన ఉంచుకొనే సౌకర్యం నజీర్‌లో లేకపోయింది.

కాబట్టి ఏ కుటుంబం గొప్పదన్న చర్చ మాకు రుచించదు. సామాన్యుడు తగాదా రాకముందే తన హక్కును చదివి తెలుసుకోగలడా అన్నదే మా ప్రశ్న. నిత్యజీవితపు లావాదేవీలకు, అనగా మరమ్మతుకు, కిరాయికి, కూలికి, వ్రాసిన చట్టమే మేలని మా అభిప్రాయం. ఖాళీలు ఏర్పడినప్పుడు పూరించడానికి థామ్మెన్ వంటి న్యాయమూర్తి కావాలి. ఈ రెంటినీ కలిపి చూస్తే, 170వ సెక్షనులో ఒక పెద్ద ఖాళీ ఇప్పటికీ ఉన్నది. మేస్త్రీ బండిని నిలుపుకోవచ్చును గాని అమ్ముకోరాదు. యజమాని మాయమైతే, మరమ్మతు ఖర్చు బండి విలువను మించిందని వదిలిపోతే, ఆ బండి షెడ్డులో తుప్పు పడుతూ ఉండవలసిందే. ఆటోనగర్‌లో టైర్లు నేలలో కూరుకుపోయి, క్యాబిన్‌లో పిచ్చిమొక్కలు మొలిచిన బండ్లను చూడనివారెవరు? అమ్ముకోవాలంటే కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకోవాలి. నాలుగు అడుగుల జాగాకు అద్దె కట్టుకొనే చిన్న షెడ్డువాడికి అది అయ్యే పనేనా? తీర్పుల దేశమైన ఇంగ్లండు కూడా 1977లో ఈ సంగతిపై చట్టం చేసి, తగిన నోటీసు ఇచ్చిన పిదప, తీసుకుపోని వస్తువును అమ్ముకొనే వీలు కల్పించింది. జర్మనీకి 1900 నుండీ ఉన్నది. మన పార్లమెంటు ఆ సెక్షనుకు నాలుగు వాక్యాలు చేర్చితే చాలును: రిజిస్టరైన యజమానికీ, బండిపై అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీకీ నోటీసు, ఒక గడువు, బహిరంగ వేలం, మిగులు సొమ్ము యజమానికి.

రెండవది భాష సంగతి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం పై కోర్టుల భాష ఇంగ్లీషు. 2019 నుండి సర్వోన్నత న్యాయస్థానం తన తీర్పులలో కొన్నింటిని ప్రాంతీయ భాషలలోకి అనువదింపజేస్తున్నది, సంతోషమే. కాని అట్టి అనువాదాలు సామాన్యంగా చదువరికి ఇంగ్లీషుకంటె కఠినంగా తోస్తాయి. అప్పగించిన వస్తువుకు మన రెండు భాషలలోనూ అందరికీ తెలిసిన మాట ఒకటి ఉన్నది: అమానత్, అమానతు. ఫిఖహ్‌లోనూ అదే మాట, ఆటోనగర్‌లోనూ అదే మాట. నిఘంటువులు వెదకి సంస్కృత సమాసం కూర్చవలసిన అవసరమేమున్నది?

మన కళాశాల విద్యార్థులకు మేము చేసే సూచన చిన్నది. 170, 171 సెక్షనులను, వజ్రం కథను, కోటు కథను ఒక అట్టపై తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయండి. కోటు స్థానంలో లారీ బాడీ అని, దర్జీ స్థానంలో మేస్త్రీ అని వ్రాసినా తప్పు లేదు. నెలాఖరు ఖాతా ఇస్తే తాళంచెవి పోయినట్లేనని, పాత బాకీకి కొత్త బండిని పట్టరాదని, పట్టినా అమ్మరాదని మూడు ముక్కలు కింద చేర్చండి. గాజువాక నుండి ఆటోనగర్‌లోకి తిరిగే మలుపున టీ దుకాణం గోడకు దానిని తగిలించండి. లెక్క తేలక తగవు పడి టీ తాగడానికి వచ్చే లారీ యజమాని, మేస్త్రీ ఇద్దరూ అక్కడే నిలబడతారు.